బిజ్జు వీపు మీద బూడిద

ఒకప్పుడు బిజ్జుకు ఒళ్లంతా నలుపే. ముక్కు నుంచి తోక దాకా వెతికినా ఒక్క తెల్ల వెంట్రుక దొరికేది కాదు.

బిజ్జు అంటే తెలియదూ? పొట్టి కాళ్లు, పొడుగాటి గోళ్లు, మహా మొండిది. తేనెపట్టు కనిపిస్తే ఈగలన్నీ కలిసి కుట్టినా వదలదు. మీరు బెల్లంముక్క కోసం అమ్మ కొంగు పట్టుకుని ప్రాణం తోడేస్తారే, అచ్చం అలాగే. అడవిలో దాన్ని చూస్తే చాలు, "వచ్చిందమ్మా జిడ్డు!" అని అందరూ పక్కకు తప్పుకునేవాళ్లు.

ఆ అడవిలో బిజ్జమ్మకు ఒక్కగానొక్క పిల్ల. దానికింకా నడక కూడా సరిగ్గా రాలేదు.

ఒక ఎండాకాలం వెదుళ్లు ఒరుసుకుని నిప్పు పుట్టింది. గాలి తోడైంది. జింకలు పరుగెత్తాయి, పక్షులు ఎగిరిపోయాయి. పిల్లను నోట కరుచుకుని పొట్టి కాళ్లతో బిజ్జమ్మ ఎంత దూరం పోగలదు? ఇద్దరికీ సరిపడా బొరియ తవ్వే వ్యవధి కూడా లేదాయె.

గబగబా చిన్న గుంట తీసి పిల్లను పడుకోబెట్టింది. ఊపిరాడేంత సందు వదిలి పైన మన్ను కప్పింది.

"నేలతల్లీ, నా బిడ్డను దాచు. మంట పోగానే వచ్చి తీసుకుంటాను."

"దాస్తానే. కానీ గుర్తుకో రాయైనా పెట్టి వెళ్లు. నాకు ఎక్కడ చూసినా ఒకటే మొహం" అంది నేలతల్లి.

"కొత్తగా తవ్విన మన్ను నాకు తెలియకపోతుందా!" అంటూ బిజ్జమ్మ పరుగున పోయి వాగులో మునిగింది.

మంట పోయింది. బిజ్జమ్మ తిరిగొచ్చింది. అయ్యో, ఏముంది అక్కడ? చెట్టు లేదు, పుట్ట లేదు. కొత్త మన్నూ పాత మన్నూ ఒకటై, కనుచూపు మేరా బూడిద.

"నేలతల్లీ, నా బిడ్డ ఏదీ?"

"నాలోనే ఉంది. ఎక్కడ పెట్టావో నాకూ ఆనవాలు లేదు, నువ్వే తవ్వుకోవాలి. నాకు చేతులు లేవే తల్లీ."

బిజ్జమ్మ చెవి నేలకు ఆనించింది. కుయ్ కుయ్‌మని సన్నగా ఏడుపు! ఇక్కడ తవ్వింది, లేదు. అక్కడ తవ్వింది, లేదు. గాలికి లేచిన బూడిద దాని వీపు మీద రాలుతూనే ఉంది. ఒక్కసారి ఒళ్లు దులుపుకుంటే పోయేదే. కానీ ఆ చప్పుడులో ఏడుపు వినబడదేమోనని దానికి భయం.

"ఎక్కడో చెప్పు. చెప్పమ్మా. చెప్పవూ?" తవ్వుతూ నేలతల్లిని వేధించింది, గోళ్లతో గీరింది, తిట్టింది, కాళ్లమీద పడింది.

ఏడుపు సన్నబడింది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

చివరికి నేలతల్లే అంది, "బిజ్జమ్మా, ఇక తవ్వకే."

"నిద్రపోయి ఉంటుంది" అంది బిజ్జమ్మ.

"ఇక దొరికినా లాభం లేదే పిచ్చిదానా!"

"నిద్రపోయిందన్నానా! ఎక్కడో చెప్పు." మళ్లీ తవ్వడం మొదలుపెట్టింది.

వానలొచ్చాయి. కాలిన అడవి పచ్చబడింది. బిజ్జమ్మ వీపున పేరుకున్న బూడిద మాత్రం ఎన్ని వానలకీ కరగలేదు.

అప్పటినుంచే బిజ్జుకు వీపు తెల్లగా, నేలకు ఆనే పొట్ట నల్లగా ఉంటాయి. అప్పటినుంచే కొత్తగా తవ్విన మన్ను ఎక్కడ కనిపించినా అది ఆగి గోళ్లతో తవ్వుతుంది, మనుషుల్ని పూడ్చిన చోటైనా సరే. శవాలు తినే పాడు జంతువని జనం రాళ్లు విసురుతారు. తినడానికి కాదర్రా, మొహం చూడటానికి. తన బిడ్డ కాకపోతే మళ్లీ మన్ను కప్పి, ఇంకో చోటుకు పోతుంది.