తాతగారు కూర్చున్న రథం

రాజుగారి రథం కింద ఇనుప చట్రం తుప్పు పట్టి, వేలితో గీకితే పెచ్చులు రాలుతోంది. మార్చమంటే ఆయన వినరు. "మా తాతగారు యుద్ధం గెలిచిన రథమిది. అతుకులేసి రంగు పూయండి. కొత్త రథమని ఎవడన్నా అంటే కొరడా దెబ్బలు తింటాడు" అన్నారు.

దసరా ఊరేగింపులో దాన్ని కొండ మీంచి దింపాల్సినవాడు సారథి గుర్నాథం. ప్రాణం మీది తీపి కొద్దీ ఓ ఉపాయం చేశాడు. ఆయుధపూజ నాడు రథానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, రాజుగారి ఆసనం మీద తాతగారి తలపాగా ఉంచి హారతిచ్చాడు. రాజుగారు కళ్లనీళ్లు పెట్టుకుని, అందరి ముందూ "తాతగారూ" అంటూ సాష్టాంగపడ్డారు.

మర్నాడు ఊరేగింపుకని వచ్చి రథమెక్కబోతుంటే గుర్నాథం చేతులు కట్టుకుని అడిగాడు. "ప్రభూ, తాతగారు ఇంకా కూర్చునే ఉన్నారు. ఆయన్ని దింపేయమంటారా, ఒళ్లో కూర్చుంటారా?"

ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోయింది. జనమంతా ఆ కాలినే చూస్తున్నారు. రాజుగారు దాన్ని మెల్లగా దించుకున్నారు.

"మరి నేను దేంట్లో వెళ్లాలిరా?"

గుర్నాథం కొరడా వైపు చూశాడు.

రాజుగారు గొంతు సవరించుకున్నారు. "సరే, కొత్త రథం చేయించండి."

"చిత్తం" అన్నాడు గుర్నాథం. "ఆ మాటన్నది తమరే, నేను కాదు."