మాణిక్యం చేసిన అనాస సోడా

అనగనగా ఒక కొండ. ఆ కొండ కింద ఒక ఏరు, ఆ ఏటి పక్కన ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో మాణిక్యం అని ఒక కోడలు పిల్ల ఉండేది. ఆమె మొగుడి పేరు పోలినాయుడు, అత్త పేరు అచ్చియ్యమ్మ. ఇంట్లో ఆ ముగ్గురే. కాళ్ళ మీదికి దుప్పటి లాక్కో బంగారూ, ఊఁ కొడుతూ విను.

మాణిక్యం పసిగుడ్డుగా ఉన్నప్పుడే వాళ్ళమ్మ పోయింది. అందుకని ఆ పిల్లకి వంట నేర్పినవాళ్ళు లేరు. కాపురానికొచ్చిన కొత్తలో పులుసు పెట్టమంటే అడుగంటించేసింది. ఇల్లంతా మాడు కంపు. అత్త ఏమంటుందోనని గుమ్మం చాటున దాక్కుంది.

అచ్చియ్యమ్మేమో ఆ పులుసే అన్నంలో పోసుకుని వేళ్ళు నాక్కుంటూ తినేసింది. "నాకు ఈ మాడు వాసనంటేనే ఇష్టమే పిల్లా" అంది. ఆ తర్వాత పక్కన కూచోబెట్టుకుని ఒక్కొక్క వంటా నేర్పింది.

ఇంకో ఏడు మాణిక్యానికి ఒళ్ళంతా ఆటలమ్మ పోసింది. అప్పుడు కూడా అచ్చియ్యమ్మే వేపరెబ్బలతో విసురుతూ మంచం పక్కన కూచుంది. ఇవన్నీ మాణిక్యం మనసులో అలాగే ఉండిపోయాయి. పైకి చెప్పడం రాదు ఆ పిల్లకి. అత్త కాళ్ళకి నూనె రాసేటప్పుడు ఇంకాస్త సేపు రాసేది, అంతే.

అలా ఉండగా ఒక ఏడు తొలకరి వానలు పడ్డాక అచ్చియ్యమ్మకి జ్వరం పట్టుకుంది. పట్టిన జ్వరం విడవలేదు. పోలినాయుడు పట్నం వెళ్ళి డాక్టరు గారిని సైకిలు మీద కూచోబెట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన సూదిమందు వేశాడు, మాత్రలిచ్చాడు. కొన్నాళ్ళకి జ్వరం తగ్గింది. తగ్గితే తగ్గింది గానీ, పోతూ పోతూ అచ్చియ్యమ్మ నాలుక మీది రుచినంతా పట్టుకుపోయింది.

గంజి పెడితే తోసేసింది. చారన్నం కలిపిస్తే మొహం తిప్పుకుంది. పాలు కాచి తెస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"తినకపోతే ఎలా అత్తా?"

"ఏం తిన్నా మట్టి తిన్నట్టుందే పిల్లా. గొంతు దిగట్లేదు."

డాక్టరు గారు మళ్ళీ వచ్చి చూశాడు. "జ్వరం పోయిందమ్మా. ఇక ఆవిడ తినాలి. ఒంట్లోకి తిండి వెళ్ళకపోతే నా మందులేం చెయ్యలేవు" అన్నాడు. ఆయన అలా ఏరు దాటాడో లేదో, ఇలా ఏరు పొంగింది. పట్నానికి దారి మూసుకుపోయింది.

అచ్చియ్యమ్మ రోజురోజుకీ చిక్కిపోయింది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. ఊళ్ళోవాళ్ళు చూడ్డానికొచ్చి, బయటికెళ్ళాక గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఆ గుసగుసలు చెవిన పడకుండా మాణిక్యం వంటింట్లోకెళ్ళి గిన్నెలు చప్పుడు చేస్తూ తోముకునేది.

ఒక మధ్యాహ్నం అచ్చియ్యమ్మ కళ్ళు మూసుకునే అంది. "సంతకెళ్ళినప్పుడల్లా గోళీసోడా తాగేదాన్ని, గుర్తుందా? నాలుక మీద చుర్రుమనేది. ముక్కులోంచి ఘాటొచ్చి కళ్ళంట నీళ్ళు కారేవి. అలాంటిది ఒక్క గుక్క పడితే ఈ నాలుక లేస్తుందేమోనే."

సోడా బండి చూస్తే ఏటికి అవతల ఉంది. పోలినాయుడు పంచె ఎగగట్టి గట్టు దాకా వెళ్ళాడు. ఆ నీళ్ళ ఒరవడి చూసి, ఉసూరుమంటూ తిరిగొచ్చేశాడు.

అప్పుడు మాణిక్యం, "నేను చేస్తాను" అంది.

"సోడా ఇంట్లో ఎలా చేస్తారే?" అన్నాడు పోలినాయుడు.

"ఏమో. చేసి చూస్తేగా తెలిసేది!"

మొదట ఏం చేసిందంటే, పెరట్లోంచి నిమ్మకాయలు కోసుకొచ్చింది. గ్లాసులో రసం పిండి, పంచదార వేసి, బజ్జీల పిండిలో కలిపే తినేసోడా చిటికెడు వేసింది. బుస్సుమని పొంగింది! మాణిక్యం ముఖం వెలిగిపోయింది. గ్లాసు పట్టుకుని వంటింట్లోంచి వసారాలోకి ఒకటే పరుగు. తీరా మంచం దగ్గరికెళ్ళేసరికి నురగంతా చచ్చిపోయింది. అచ్చియ్యమ్మ ఒక చుక్క నాలుక మీద వేసుకుని, "చురుకు లేదే పిల్లా" అని పక్కకి తిరిగి పడుకుంది.

మాణిక్యం మిగిలింది పారబోసి గ్లాసు కడుక్కుంటూ వంటింట్లో కూలబడింది. అప్పుడు మూలనుంచి ఏదో వినబడింది. చిట... చిట... చిటచిట. ఎలకేమోననుకుంది. కాదు. గుడ్డ కట్టిన జాడీ ఒకటి అక్కడుంది. అంతకు కొన్నాళ్ళ ముందు అత్త కోసం అల్లం తురిమి బెల్లం నీళ్ళలో వేసి, అత్త వద్దంటే మూలన పెట్టి ఆ సంగతే మరిచిపోయింది. గుడ్డ విప్పి చూస్తే నీళ్ళ మీద ఆవగింజలంత బుడగలు! వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే చురుక్కుమంది.

"దొరికింది!" అని ఎగిరి గంతేసింది మాణిక్యం.

పక్కింటి సూరమ్మ పెరట్లో నేరేడు చెట్టుంది. మాణిక్యం సంగతి చెప్పగానే సూరమ్మ చేటెడు పళ్ళు ఏరి ఇచ్చింది. మాణిక్యం వాటిని పిసికి, రసం వడకట్టి, అందులో అల్లం నీళ్ళూ, కాస్త బెల్లమూ కలిపింది. గాజుసీసాలో మూతి దాకా పోసింది. కిందటిసారి నురగ పారిపోయింది గదా, ఈసారి పారిపోకుండా బిరడా దిగ్గొట్టి, దాని మీద పురికొస కట్టింది. వెచ్చగా ఉంటుందని పొయ్యి పక్కనే పెట్టింది.

మర్నాడేమీ కాలేదు. ఆ మర్నాడు పొద్దెక్కాక మాణిక్యం వంటింటి గుమ్మం దగ్గర బియ్యం చెరుగుతోంది. సూరమ్మ పక్కన కూచుని ఏవో కబుర్లు చెబుతోంది. అప్పుడు...

ఢాం!

సీసా పేలింది. గోడ ఊదారంగు. దూలం ఊదారంగు. పొయ్యి దగ్గర ఎవరూ లేరు గనక గాజు ఎవరికీ గుచ్చుకోలేదు గానీ, రసం మాత్రం గుమ్మం దాకా చిమ్మింది. సూరమ్మ తెల్లచీర నిండా చుక్కలు. మాణిక్యం మొహం, జుట్టు, చెరిగిన బియ్యం, అన్నీ నేరేడే!

ఇద్దరూ హడలిపోయి వసారాలోకి పరుగెత్తారు. అచ్చియ్యమ్మ ఆ చప్పుడుకి కళ్ళు తెరిచింది. కోడల్ని ఎగాదిగా చూసింది. "ఒసే పిల్లా, ఎవరే నిన్ను రోట్లో వేసి దంచారు?" అని ఫక్కున నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని! పొలంలోంచి వస్తున్న పోలినాయుడు ఆ నవ్వు వినపడి వాకిట్లోనే నిలబడిపోయాడు.

నవ్వయితే నవ్వింది గానీ, ఆ పూట గంజి మాత్రం ముట్టలేదు.

సాయంత్రం గోడ కడుగుతూ మాణిక్యం కళ్ళు తుడుచుకుంది. "ఇక నా వల్ల కాదు పిన్నీ" అంది సూరమ్మతో.

"ఎందుక్కాదు? పచ్చడి జాడీకైనా మెడ దగ్గర కాస్త ఖాళీ వదులుతాం గదే. నువ్వేమో మూతి దాకా పోసి, గొంతు బిగించేశావు. దానికి ఊపిరాడాలా, వద్దా?" అంది సూరమ్మ. ఆ తర్వాత ఇంటికెళ్ళి బెల్లపుదిమ్మ ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

"ఏరు తగ్గేదాకా ఊళ్ళో బెల్లం దొరకదు పిన్నీ. మీ ఇంట్లో ఉన్నదే ఇది. వద్దు."

"తీసుకో. నా పెద్దదాని పురుడప్పుడు మీ అత్తే నాకు పథ్యం వండిపెట్టింది. మా అమ్మ రాలేకపోయింది మరి. నేనది మరిచిపోతానా?"

జాడీ అడుగున అల్లం నీళ్ళు గుక్కెడే మిగిలాయి. మాణిక్యం అందులో నీళ్ళు పోసి, ఇంత అల్లం తురిమి, ఆ బెల్లం కొద్దికొద్దిగా వేస్తూ వచ్చింది. పొద్దున్నే లేచి జాడీకి చెవి ఆనించేది. నిశ్శబ్దం. మళ్ళీ మర్నాడు. నిశ్శబ్దమే. ఆ తర్వాత ఒక పొద్దున, చిట... చిట... బతికింది!

ఆ రోజే సుక్కి కొండ దిగింది. సుక్కి ఎవరంటే, ఏటికి ఇవతలి కొండ మీద గూడెంలో ఉండే ఆమె. అనాస పళ్ళ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్ముకుంటుంది. వచ్చినప్పుడల్లా అచ్చియ్యమ్మ వసారాలోనే కాస్త నడుం వాల్చేది. ఈసారి వచ్చి, మంచం మీద అచ్చియ్యమ్మని చూసి, గంప దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడింది.

"ఇదేటమ్మా, తల్లి ఇలాగైపోయింది?"

మాణిక్యం జరిగిందంతా చెప్పింది. సుక్కి గంపలోంచి ఒక్కొక్క పండూ తీసి వాసన చూసింది. అన్నిటికన్నా మగ్గిన పండు తీసి మాణిక్యం ఒళ్ళో పెట్టింది. మాణిక్యం డబ్బులు తేవడానికి లోపలికెళ్ళబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. "నా కొంగులో ఏటీ పెట్టకు. ఎండనపడి వస్తే ఈ తల్లి నాకు పోసిన గంజి ఎంతో నీకు తెలీదు" అంది.

ఈసారి మాణిక్యం తొందరపడలేదు. అనాస రసం తీసి, అల్లం నీళ్ళు కలిపి, సీసా మెడ దగ్గర బెత్తెడు ఖాళీ వదిలింది. బిరడా పెట్టింది గానీ పురికొస కట్టలేదు. పొయ్యి పక్కన కాకుండా నీళ్ళకుండ పక్కన, తడిగుడ్డ చుట్టి ఉంచింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బిరడా కాస్త వదులు చేసేది. సీసా 'స్స్' అని నిట్టూర్చేది. మాణిక్యం కూడా దాంతోపాటే నిట్టూర్చేది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వాన వెలిసి ఎండ కాసింది. మాణిక్యం సీసా పట్టుకుని అత్త మంచం దగ్గరే కూచుంది. మొదటిసారిలా పరుగెత్తాల్సిన పని లేకుండా అక్కడే బిరడా లాగింది. ఠప్! గ్లాసులో పోస్తే తేనెరంగు నీళ్ళలో బుడగలు వరసకట్టి పైకి లేచాయి. సూరమ్మా, పోలినాయుడూ గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు.

అచ్చియ్యమ్మ ఒక గుక్క తాగింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. ముక్కు చిట్లించింది. కంటికొస నుంచి నీటిచుక్క జారింది. మాణిక్యం మంచం అంచు పట్టుకుని ముందుకి వంగింది.

అప్పుడు అచ్చియ్యమ్మ కడుపులోంచి పెద్ద త్రేన్పు వచ్చింది. బ్రేవ్! వాకిట్లో కోడి ఉలిక్కిపడి పారిపోయింది.

"అనాస" అంది అచ్చియ్యమ్మ నెమ్మదిగా. "పుల్లగా ఉందే. వెనకాల అల్లం మంట కూడా తెలుస్తోంది." ఇంకో గుక్క తాగింది. ఆ తర్వాత, "ఆ గంజిలో ఇంత ఉప్పేసి తీసుకురావే పిల్లా. ఆకలేస్తోంది" అంది.

మాణిక్యం గంజి తెచ్చి తాగించింది. గిన్నె ఖాళీ అయ్యాక, కడిగే నెపంతో పెరట్లోకెళ్ళి తనివితీరా ఏడ్చింది. సంతోషంతో కూడా ఏడుస్తారు బంగారూ, పెద్దయ్యాక నీకే తెలుస్తుంది.

ఆ రోజు నుంచి అచ్చియ్యమ్మ తినడం మొదలుపెట్టింది. పోను పోను మంచం దిగింది. కర్ర పట్టుకుని వాకిట్లోకొచ్చింది. మాణిక్యం అనాస సోడా మళ్ళీ చేసింది, ఈసారి ఇంకా ఎక్కువ సీసాలు. సూరమ్మకి పోసింది. కొండ దిగొచ్చిన సుక్కికి పోసింది. సుక్కి ముక్కులోకి ఘాటెక్కి ఆగకుండా తుమ్ముతుంటే అందరూ ఒకటే నవ్వులు. పోలినాయుడైతే అడిగి మరీ రెండోసారి పోయించుకున్నాడు.

అచ్చియ్యమ్మ చేతిలో తన గ్లాసు పట్టుకుని అందరినీ చూస్తూ కూచుంది. చూసి చూసి, "ఏమే, నువ్వు తాగావా?" అంది.

మాణిక్యం సీసా వంచి చూసింది. ఒక్క చుక్క లేదు. "మళ్ళీ చేసినప్పుడు తాగుతాలే అత్తా."

"ఇన్నాళ్ళూ చేశావు, ఒక్కసారైనా తాగలేదా?"

మాణిక్యం లేదన్నట్టు తలూపింది.

అచ్చియ్యమ్మ కోడల్ని చెయ్యి పట్టి పక్కన కూచోబెట్టుకుంది. తన గ్లాసులో మిగిలిన సగం సోడా తన చేత్తోనే ఆ పిల్ల నోటికి అందించింది. చివరి చుక్క దాకా తాగించి, కొంగుతో మూతి తుడిచి, ఆ తల మీద చెయ్యి వేసి అలాగే చాలాసేపు ఉంచింది.

అంతే బంగారూ. కళ్ళు మూసుకో మరి.

బుడగలమ్మా బుడగలూ, పైపైకి!
పండురసం పోసుకుందాం గ్లాసుల్లోకి.
చల్లగాలి వచ్చింది గుమ్మంలోకి,
కథ లేచి నడిచింది కంచి వైపుకి,
మనమేమో పోదాం మన ఇంటి నిద్దర్లోకి.