పలక బిగుసుకున్న చోటు

"ఒక మనిషిని ఎంత గట్టిగా నెడితే కదుల్తుంది మేడమ్?"

అడిగినవాడు పరిశోధక విద్యార్థి దానియేలు. అడిగింది తన గురువు భ్రమరాంబగారిని. విశాఖలో కొండమీదున్న ఆ ప్రయోగశాలలో లోహాల్నీ రాళ్లనీ ఎముకలు కొరికే చలిలోకి దింపి, అయస్కాంతం దగ్గర అవి ఎలా మసులుకుంటాయో చూడడం ఆవిడ పని. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన మాత్రం ఆవిడ ఏనాడూ పోలేదు. ఎవరేం అడిగినా "ముందు చేతిలో పని కానియ్యి" అంటారు. ఆ పనిలోంచి జవాబు దొరికిందా, సరే. దొరకలేదా, అది మీ ఖర్మ. ఆ రోజూ అదే అన్నారు.

ప్రశ్న ఊరికే పుట్టలేదు లెండి. తల్లి పోయాక దానియేలుని పెంచి పెద్దచేసింది వాళ్లక్క సువార్త. కిందటేడు బావ స్కూటర్ మీంచి పడి కాలు నుజ్జు చేసుకున్నప్పుడు, తెనాలి ఆస్పత్రిలో ఆపరేషన్ గది బయట, బెంచీ మీద, పొద్దుట్నించి దీపాలు పెట్టేదాకా ఆవిడ ఒక్కతే కూర్చుంది. తమ్ముడికి ఫోన్ల మీద ఫోన్లు చేసింది. తమ్ముడుగారు ఫోన్ బయట అలమరలో పడేసి లోపల కొలతలు తీసుకుంటున్నారు. సాయంత్రం చూసుకుని, "పని మధ్యలో ఉన్నానక్కా, ఆదివారం వస్తా" అని ఒక ముక్క పంపాడు. అన్నట్టే ఆదివారం వెళ్లాడు కూడా. అప్పటికే అక్క నోరు మూతపడిపోయింది.

ఆ తరవాత ఎన్ని విధాల చెప్పుకున్నాడు! ఫోన్ లోపలికి తీసుకెళ్లకూడదన్నాడు, మధ్యలో వదిలేస్తే నెలల పని మట్టిపాలన్నాడు, కాళ్లు పట్టుకుంటానన్నాడు. ఎటు నుంచి ఎటు తిప్పినా ఆవిడ మాట ఒక్కటే: "ఆ రోజు బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చున్నానురా." ఇక లాభం లేదని, కొన్నాళ్లు పోతే తనే మెత్తబడుతుందని, ఏడాదిపాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి చూశాడు. అదీ అయింది. ఇప్పుడు బావకి ఖరగ్‌పూర్ బదిలీ. ఆ మధ్యాహ్నమే బావ గుట్టుగా ఫోన్ చేశాడు.

"ఐదింటికి మా బండి విశాఖ వస్తుందిరా. ఇంజను ఇటుది అటు మార్చేదాకా ఆగుతుంది. మీ అక్క నీకు చెప్పొద్దంది. ఇదీ తప్పిపోతే ఇంక నా వల్ల కాదు, ముందే చెబుతున్నా."

సరిగ్గా ఆ ఫోన్ వచ్చిన వేళకి దానియేలు తొట్టిలో ద్రవ నైట్రోజన్ పోస్తున్నాడు. కొలతలు ఇంకా మొదలవలేదు గనక ఫోన్ జేబులోనే ఉంది. తొట్టి అడుగున నల్ల బిళ్లలుంటాయి. అతివాహకాలంటారు వాటిని. మామూలప్పుడు పెంకుముక్కలతో సమానం. నైట్రోజన్ పోసి బాగా చల్లబరిస్తే మాత్రం పైనున్న అయస్కాంతాన్ని గాలిలోనే పట్టేసుకుంటాయి. చల్లబడే క్షణానికి అది ఎంత ఎత్తున, ఏ వాలున ఉందో అక్కడే బిగించేస్తాయి. అందుకే ముందు అయస్కాంతాల పలకని నాలుగు చెక్కముక్కల మీద సమంగా నిలబెట్టి, తరవాత నైట్రోజన్ పోసి, చివర్న చెక్కలు తీసేస్తారు. పలక గాలిలో తేలుతుంది. నేల అదురు దాని మీదున్న వస్తువుకి తగలదు. ఆ రోజు దాని మీదున్నది ఒక స్ఫటికం. ప్రయోగశాల మొత్తం కలిసి నెలల తరబడి పెంచిన పిసరు. గాజు గొట్టంలో, వెంట్రుక కన్నా సన్నని బంగారు తీగల మధ్య కూర్చుని ఉంది. గొట్టాన్ని ముట్టుకుంటే చాలు, తీగలు తెగుతాయి.

ఫోన్ మోగినప్పుడు మోచెయ్యి తగిలి ఒక మూల చెక్క మీంచి జారింది. తెల్లటి పొగలో మనవాడు చూసుకోలేదు. చెక్కలు కూడా తీసేశాడు. మేడమ్‌ని ఆ ప్రశ్న అడిగి, చీవాట్లు తిన్నంత పనై వెనక్కి వచ్చేసరికి పొగ విడిపోయింది. పలక ఒక పక్కకి ఒరిగి గాలిలో నిలబడి ఉంది.

"ప్రభువా!" అన్నాడు దానియేలు.

గడియారం మూడున్నర చూపిస్తోంది. ఒరిగిన మూలని వేళ్లతో పైకి నెట్టాడు. లేచింది. చెయ్యి తియ్యగానే యథాస్థానానికి వచ్చేసింది. ఎత్తున్న పక్కని కిందికి అదిమాడు. అణిగింది, వదలగానే మళ్లీ అంతే. ఈసారి పళ్లు బిగబట్టి గట్టిగా నెట్టాడు. పలక ఊగింది. గాజు గొట్టం వెంట్రుకవాసి అంచు వైపు జరిగింది. ఒళ్లంతా చెమట పట్టింది వాడికి.

"చెయ్యి తియ్యి." గుమ్మంలో భ్రమరాంబగారు. "దాన్ని కొట్టి చంపుతావా ఏం?"

"మేడమ్, సమంగా పెడదామంటే వినట్లేదు."

"ఎందుకు వింటుంది? ఎక్కడ బిగుసుకుందో అక్కడికే వస్తుంది. నీకు వంకరగానీ, దానికి అదే ఇల్లు."

"హీటర్ పెట్టి త్వరగా వేడి చేసేద్దామా?"

"ఒక పక్క ముందొదిలిందంటే బోల్తా కొడుతుంది. ఇంక నైట్రోజన్ పొయ్యకు. దానంతట అదే వేడెక్కి వదిలేదాకా ఆగు. ముందు కింద ఆసరా పెట్టు."

మూడు మూలల కిందా చెక్కలు కుదిరాయి. ఒరిగిన నాలుగో మూల ఎత్తుకి సరిపోయే ముక్క ఒక్కటీ లేదు. తొట్టి బయటికి పొడుచుకొచ్చిన ఆ మూల కింద దానియేలే అరచెయ్యి పెట్టాల్సి వచ్చింది. మేడమ్ పట్టుకుందురు గానీ, ఆవిడ చేతులు కొన్నాళ్లుగా వణుకుతున్నాయి.

నాలుగైంది. తొట్టిలో నైట్రోజన్ ఇంకా సలసలమంటూనే ఉంది. స్టేషనుకి ఆటోలో ఎంత లేదన్నా అరగంట. చెయ్యి తీసేస్తే ఇంతమంది కష్టం నేలపాలు. తియ్యకపోతే అక్క ఇక దొరకదు. ఏడుపొచ్చింది వాడికి.

భ్రమరాంబగారు మాత్రం తాపీగా, మరో గిన్నెలో నైట్రోజన్‌లో మునిగున్న మందపాటి రాగి దిమ్మని పటకారుతో తీసి బల్ల మీద పెట్టారు. దాని పైనుంచి చిన్న అయస్కాంతాన్ని వదిలారు. అది టప్పున పడలేదు. ఎవరో పట్టుకుని దింపుతున్నట్టు మెల్లగా దిగి, రాగి మీద కూర్చుంది.

"రాగికి కదలిక గిట్టదు. చల్లబడ్డ రాగికి మరీ గిట్టదు. దూకుడుగా వస్తే అడ్డుకుంటుంది, నిదానిస్తే దారిస్తుంది. దాని దగ్గర నిదానమే మందు." తొట్టి వైపు గడ్డం ఊపారు. "ఇది అలా కాదు. నువ్వు కదిలినా, కదలకుండా ఏడాది కూర్చున్నా, దాని పట్టు దానిదే."

ఏడాది అనే మాట దానియేలుకి చురుక్కున తగిలింది.

తొట్టిలో సలసల ఆగిపోయాక తెలిసింది చేతికి. ఇందాకటిదాకా గాలిలాగా ఉన్న పలక అరచేతిలోకి దిగుతోంది. ముందు ఒక ఆకంత. తరవాత పుస్తకమంత. ఆపైన మణికట్టు నొప్పెట్టేంత. పలక నాలుగు ఆసరాల మీదికీ మెత్తగా వాలింది. గాజు గొట్టం కదల్లేదు. ఆ మూలని నెమ్మదిగా ఎత్తి, చెక్క మీద సమంగా ఆనించాడు. ఇందాక ఎంత నెట్టినా వినని పలక, మారుమాట్లాడకుండా కూర్చుంది.

"ఇంక పో," అన్నారు భ్రమరాంబగారు. "మళ్లీ చల్లబరచడం రేపు చూసుకుందాం."

స్టేషనుకి వెళ్లేసరికి బండి వచ్చేసి ఉంది. ఇంజను ఊడదీసి ఈ కొసకి తెస్తున్నారు. బావ కిటికీలోంచి కళ్లతోనే చూపించాడు. అక్క ప్లాట్‌ఫారం మీద, నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని, బెంచీ మీద కూర్చుని ఉంది. వీణ్ణి చూసి మొహం తిప్పుకుంది.

దానియేలు ఆటోలో కూడగట్టుకున్న మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేసి పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ఆ రోజు బెంచీ మీద ఏం జరిగింది? పొద్దుట్నించీ చెప్పు."

"ఇప్పుడెందుకురా?"

"నేనెప్పుడూ అడగలేదు."

సువార్త పట్టాల వంక చూస్తూ మొదలుపెట్టింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడడం, ఎవరో ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోవడం, కాలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు చెప్పి వెళ్లిపోతే ఆ మాట పంచుకోను పక్కన పురుగు కూడా లేకపోవడం. మధ్యలో "కానీ అక్కా" అనాలని వాడికి ఎన్నిసార్లు అనిపించిందో! అనలేదు. కళ్లలో నీళ్లు మాత్రం ఆపుకోలేకపోయాడు. ఆవిడ పిడికిలితో వాడి వీపు మీద ఒక్కటి వేసింది. "పక్కన కూర్చోడానికి కూడా తీరలేదురా నీకు," అంది.

"తీరలేదక్కా. తప్పు," అన్నాడు. ఇంకేం కలపలేదు.

ఇంజను కూత వేసింది. పెట్టె మెట్టు ఎత్తుగా ఉంది. దానియేలు చెయ్యి చాపాడు. సువార్త ఆ చేతి వంక చూసింది. క్షమించాననలేదు, ఫోన్ చెయ్యమనలేదు. చెయ్యి పట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద మోపి, మెట్టెక్కింది. బండి కదిలాక కూడా వెంటనే వదల్లేదు.

మర్నాడు పొద్దున ఇదంతా చెప్పడానికి దానియేలు ప్రయోగశాలకి పరుగున వచ్చాడు. భ్రమరాంబగారు పలక మీంచి తల ఎత్తలేదు.

"చేతికి బరువు తెలిసిందా?"

"తెలిసింది మేడమ్."

"అయితే ఆ చెయ్యి అప్పుడే తియ్యకు."