గౌరాలు అడిగిన రెండో బస్తా

అనగనగా ఒక అడవిలో లారీలు ఉండేవి. అడవిలో లారీలేమిటని అడగకండి. పంది మాట్లాడుతుందంటే నమ్మేవాళ్లు, ఆ పందికి లారీలున్నాయంటే మాత్రం ఎందుకు నమ్మరు?

ఆ పంది పేరు వరాలయ్య. అడవికి తూర్పున సముద్రం, పడమర కొండలు. సముద్రం ఒడ్డున ఉప్పు పండుతుంది. కొండ మీది జింకలకూ దుప్పులకూ ఉప్పు లేకపోతే పొద్దు గడవదు. ఆ ఉప్పంతా కొండెక్కేది వరాలయ్య లారీల్లోనే. లారీలు ఆయనవి. వాటిని తోలేది మాత్రం దున్నపోతులు.

ఆ దున్నపోతుల మధ్య ఒక్కతే గేదె. పేరు గౌరాలు. మగణ్ని పులి ఎత్తుకుపోయాక, ఇంట్లో దూడను సాకడానికి ఆమె స్టీరింగ్ పట్టుకుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో పెద్ద పెద్ద పోతులు కూడా దేవుడికి దణ్ణం పెట్టుకునేవి. గౌరాలు గేరు మార్చి ఊరుకునేది.

ఒకరోజు కొండ కింద మేక టీకొట్టు దగ్గర డ్రైవర్లంతా ఆగారు. దుక్కన్న అనే పోతు పొట్ట నిమురుకుంటూ అన్నాడు.

"ఈ తవుడుతో చస్తున్నాననుకోండి. కూలి కింద ట్రిప్పుకు రెండు బస్తాలాయె. ఒకటి తినేసరికే ఆయాసం వస్తోంది. రెండోది మా బావమరిదికి పంపిస్తున్నా."

గౌరాలు టీ గ్లాసు కింద పెట్టింది.

"రెండు బస్తాలా అన్నా? నాకు ఒకటే ఇస్తున్నాడే. నేను తోలేదీ అదే ఉప్పు, ఎక్కేదీ అదే కొండ కదా."

దుక్కన్న కొండల వైపు చూశాడు. పక్కనున్న జంగన్న అనే పోతు చల్లారిపోయిన టీని మళ్లీ ఊదుకున్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టు అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, వీళ్లిద్దర్నీ చూసే పుట్టించి ఉంటారు.

గౌరాలు నేరుగా వరాలయ్య దగ్గరికి వెళ్లింది. ఆయన బురదలో పడుకుని వ్యాపారం చూసుకుంటున్నాడు.

"అయ్యా, మగవాళ్లకు రెండు బస్తాలిచ్చి నాకు ఒకటే ఎందుకిస్తున్నారు?" అని అడిగింది.

"వాళ్లు సంసారాలు ఈదేవాళ్లమ్మా. నీకేం, మగడు తెచ్చిపెడతాడు."

"నా మగణ్ని పులి తినేసిందయ్యా. తమరు పరామర్శకు కూడా వచ్చారు."

"అవును కదూ, పాపం. అంటే ఇంట్లో తినే నోరు ఒకటి తగ్గింది. ఇక రెండో బస్తా ఎందుకు?"

"దూడ ఉందయ్యా."

"దూడ పాలు తాగుతుంది. పాలు నీ దగ్గరే ఉన్నాయి. ఆ పోతులను చూడు, పాలిస్తాయా? ఆ కష్టం చూసే ఇంకో బస్తా వేస్తున్నా."

పంది లెక్కకు తిరుగులేదు. ఎటు తిప్పినా రెండో బస్తా పందిదే.

"సరేనయ్యా, ఏనుగు పెద్దయ్యను అడుగుతాను," అంది గౌరాలు. ఆ అడవిలో తగవులు తీర్చేది ముసలి ఏనుగు.

వరాలయ్య నవ్వాడు. "అడుగు తల్లీ. అడగడం నీ హక్కు," అన్నాడు.

మర్నాడే ఆమె లారీ మారింది. కొత్తగా ఇచ్చిన లారీ ముందుకు వెళ్లడం కంటే పక్కకు వెళ్లడమే ఎక్కువ. బ్రేకు తొక్కితే ఆలోచించుకుని ఆగేది. ఆ తర్వాత వానల్లో టార్పాలిన్ లేకుండా ఉప్పు ఎక్కించి పంపారు. కొండెక్కేసరికి సగం ఉప్పు కరిగి రోడ్డు పాలైంది. ఆ కరిగిన ఉప్పు ఖరీదు ఆమె తవుడులోంచే కోశారు. అదీ చాలక, "గౌరాలు స్టీరింగ్ మీద నిద్రపోతుందట" అని ఒక కబురు పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు గానీ ఆ కబురుకు బురద వాసన వచ్చేది.

టీకొట్టు దగ్గర పోతులు ఆమెను చూసి బల్ల మీద కాళ్లు చాపుకునేవి. కూర్చోవడానికి చోటుండేది కాదు. గౌరాలు నిలబడే టీ తాగేది. ఆ రోజుల్లో ఇంటికి తెచ్చే తవుడు దూడకే సరిపోయేది కాదు. తాను తిన్నానని చెప్పి దాని ముందు పెట్టేది.

చివరికి వరాలయ్య పిలిపించాడు.

"ఆడవాళ్లంటే నాకు చాలా గౌరవం. వాళ్లు రోడ్ల మీద కష్టపడుతుంటే చూడలేను. రేపటి నుంచి పనిలోకి రాకు," అన్నాడు.

గౌరాలు ఏనుగు పెద్దయ్య దగ్గర ఫిర్యాదు పెట్టింది.

"పోతులకు రెండు బస్తాలిస్తున్నట్టు ఎవరైనా చెబుతారా?" అని అడిగాడు ఏనుగు.

"దుక్కన్న చెబుతాడు, జంగన్న చెబుతాడు. తిన్నది వాళ్లే కదా పెద్దయ్యా."

ఈ సంగతి వరాలయ్య చెవిన పడింది. ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టాడు.

"పెద్దయ్య సభలో మాకూ ఒకటే బస్తా అని చెప్పండి. మీ రెండు బస్తాలు మీకు ఎప్పటిలాగే వస్తాయి."

"అది అబద్ధం కదా దొరా," అన్నాడు జంగన్న.

"అబద్ధం ఎందుకవుతుంది? నువ్వు ఒక బస్తా తీసుకుంటున్నావా లేదా? ఆ తర్వాత ఇంకోటి తీసుకుంటున్నావు. మొదటి బస్తా సంగతి చెప్పి ఊరుకో."

జంగన్న ఆ మాటను నెమరేశాడు. తవుడే అనుకుని మింగేశాడు.

సభలో దుక్కన్న తల వంచుకుని, "మాకూ ఒకటే బస్తా," అన్నాడు. జంగన్న కూడా అదే మాట అన్నాడు. గౌరాలు వాళ్లిద్దరి వైపే చూస్తూ నిలబడింది. సాక్ష్యం లేని ఫిర్యాదును ఏనుగు కొట్టేశాడు.

ఆ వారం ట్రిప్పు ముగించుకుని పోతులు తవుడుకు వెళ్లాయి. ఒక్కొక్కరికి ఒక్కో బస్తా దొర్లింది.

"దొరా, రెండోది?" అన్నాడు దుక్కన్న.

వరాలయ్య ఆశ్చర్యపోయాడు. "రెండోదేమిటి నాయనా? పదిమందిలో, పెద్దయ్య ముందు, ఒకటే అని మీరే చెప్పారు కదా. ఇప్పుడు రెండిస్తే మిమ్మల్ని అబద్ధాలకోరులను చేసినట్టు కాదూ? మీ పరువు నాకు ముఖ్యం."

పోతులు బుసకొట్టాయి. కాళ్లతో నేల గోకాయి. చివరికి లారీలు రోడ్డు పక్కన ఆపేసి పనిలోకి రామన్నాయి. ఏనుగు దగ్గరికి వెళ్తే ఆయన చెవులు విసురుకుంటూ, "మీ మాట నేను విన్నానుగా. మళ్లీ ఎందుకు వినాలి?" అన్నాడు.

అప్పుడు దుక్కన్నకూ జంగన్నకూ గౌరాలు ఇల్లు గుర్తొచ్చింది. దారి కూడా అడగకుండానే దొరికింది.

"గౌరాలక్కా, ఆ రోజు టీకొట్టు దగ్గర మేము అన్నది నువ్వు విన్నావు కదా. పెద్దయ్యకు చెప్పవా?" అన్నాడు దుక్కన్న. ఎన్నాళ్లకో నోట్లోంచి అక్క అన్న మాట వచ్చింది.

గౌరాలుకు పొమ్మనాలనే అనిపించింది. లోపల దూడ ఖాళీ తొట్టి నాకుతున్న చప్పుడు వినిపించింది.

"వస్తాను. కానీ ముందు మీరు అబద్ధం చెప్పామని ఒప్పుకోవాలి. ఎవరు చెప్పించారో కూడా చెప్పాలి. అదీ అందరి ముందు," అంది.

మళ్లీ సభ కూడింది. జంగన్న ముందుకొచ్చి జరిగినదంతా చెప్పాడు. సిగ్గుతో అతని కొమ్ములు కూడా వంగిపోయినట్టున్నాయి. టీకొట్టు దగ్గర విన్నది గౌరాలు చెప్పింది. మేక వచ్చి, "నేనూ విన్నాను. అప్పుడు నన్నెవరూ అడగలేదు," అంది.

"మొదట చెప్పిందే నిజం పెద్దయ్యా. వీళ్లు ఎప్పుడూ ఒక్క బస్తాయే తిన్నారు," అన్నాడు వరాలయ్య.

"అలాగా. ఎప్పుడూ ఒక్కటే తిన్నవాళ్లు, అదే ఒక్కటి ఇస్తే ఇప్పుడు లారీలెందుకు ఆపేశారు?" అని అడిగాడు ఏనుగు.

వరాలయ్య ముట్టె నేలకు ఆనించి మట్టి వాసన చూశాడు. జవాబు అక్కడ కూడా దొరకలేదు.

ఏనుగు గౌరాలు వైపు తిరిగాడు. "వీళ్లు నీ నోటి కూడు తీశారు. అయినా వీళ్ల కోసం ఎందుకొచ్చావమ్మా?"

"వీళ్ల కోసం రాలేదు పెద్దయ్యా. వీళ్లకు రెండు బస్తాలొచ్చేవని తేలితేనే, నాకు రావలసింది ఎంతో తేలుతుంది."

ఏనుగు తీర్పు చెప్పాడు. తోలేది పోతైనా గేదైనా ట్రిప్పుకు రెండు బస్తాలు. గౌరాలుకు ఇన్నాళ్లూ ఎగ్గొట్టిన తవుడంతా వరాలయ్య ఇవ్వాలి. మంచి లారీతో సహా ఆమెను పనిలోకి తీసుకోవాలి. అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు ఆ తవుడు బస్తాలన్నీ దుక్కన్నా జంగన్నా వీపు మీద మోసుకెళ్లి ఆమె ఇంట్లో దించాలి.

వాళ్లు మోశారు. కొట్టుగది నిండేదాకా మోశారు. గౌరాలు గుమ్మంలో కూర్చుని చూసింది. అలసిపోయి దుక్కన్న మంచినీళ్లడిగితే ఇచ్చింది. కూర్చోమని మాత్రం అనలేదు.

వరాలయ్య సంగతంటారా? ఇప్పుడు ఏ సభ జరిగినా ముందు వరసలో ఉంటాడు. "ఆడా మగా తేడా లేకుండా సమానంగా ఇచ్చిన మొట్టమొదటి యజమానిని నేనే," అని ఉపన్యాసం ఇస్తాడు. మెడలో దండ వేయించుకుంటాడు. అందరూ చప్పట్లు కొడుతుండగా ఆ దండ తినేస్తాడు.

నీతి: పక్కవాళ్ల కూలి కోస్తుంటే కళ్లు మూసుకున్నవాళ్లకు, కళ్లు తెరిచేసరికి తమ కూలి కూడా తెగి ఉంటుంది.