విప్పని మూట

కుందనపురి రాజుగారి చిత్రశాలలో నెమలి పటం మాయమైంది. చిత్రశాలాధికారి రంగశాయి ఏ పటాన్నయినా కన్నెత్తి చూడకుండానే పూటంతా పొగడగల పండితుడు. ఆయన ఆ నేరాన్ని అక్కడ ఊడ్చే పైడమ్మ మీదికి నెట్టాడు. మర్నాటికల్లా పటం తెచ్చివ్వకపోతే రాజ్యం విడిచి పొమ్మన్నారు రాజుగారు.

పైడమ్మ రాత్రంతా ఆలోచించింది. తాను కాజేయని పటాన్ని ఎక్కణ్ణుంచి తేవడం? తాళాలు ఉండేది రంగశాయి దగ్గరే. కానీ ఆ మాట తనంటే నమ్మేదెవరు?

మర్నాడు వంటింటి పీటను పాతచీరలో చుట్టుకుని సభకు వచ్చింది. "పటం తెచ్చాను మారాజా. కాజేసింది నేను కాదు, వెతికి పట్టుకున్నాను."

రాజుగారు పొంగిపోయారు. "భటులకు దొరకనిది నీకు దొరికింది. ఇకనుంచి చిత్రశాల పెత్తనం నీదే."

రంగశాయి ముఖం మాడిపోయింది. "అది నెమలి పటం కాదు ప్రభూ."

"ముడైనా విప్పలేదే, ఎలా తెలిసింది?"

"నా పాండిత్యం ప్రభూ."

పైడమ్మ నెమ్మదిగా అంది. "తన కాపలాలో పోయిన వస్తువు దొరికిందంటే ఏ అధికారైనా ముందు ఆత్రంగా మూట విప్పుతారు మారాజా. అయ్యగారికి ఆ ఆశే పుట్టలేదు. అసలుది ఎక్కడుందో ఎరిగినవారికే, ఇందులో లేదని తెలుస్తుంది."

రాజాజ్ఞతో భటులు వెళ్లి రంగశాయి ఇల్లు వెతికి, పడకగదిలోంచి నెమలి పటం మోసుకొచ్చారు. చిత్రశాల తాళాలు పైడమ్మ బొడ్డున చేరాయి.

చెరసాలకు పోతూ కూడా రంగశాయి, కన్నెత్తి చూడకుండానే, పటాన్ని తలకిందులుగా పట్టుకున్నారని భటులను మందలించాడట.