విరిగింది మూత, అడిగింది పాస్‌వర్డ్

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలోనూ లాప్‌టాప్‌లు పాడయ్యేవి. మగ్గం నేసే ఓబులమ్మ లాప్‌టాప్ మూత విరిగితే, ఆస్థాన మరమ్మతుదారు వీరభోజుడి దుకాణానికి తెచ్చింది. ఆమె ఇంతవరకూ ఎవరి కంటా పడనివ్వని చీరల డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి.

"పాస్‌వర్డ్ రాసి సంతకం పెట్టు. చదవక్కర్లేదు, అందరూ పెట్టేదే," అంటూ ఓ కాగితం ముందుకు తోశాడు వీరభోజుడు.

ఓబులమ్మ చదివింది. 'లోపలున్నవి చూస్తాం. అవసరమైతే చెరిపేస్తాం. ఏది పోయినా మా పూచీ లేదు.'

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "విరిగింది మూతైతే లోపల మీకేం పనండీ?"

"నియమం! ఇష్టం లేకపోతే పట్టుకుపో."

రాజ్యంలో ఇంకో దుకాణం లేదు. ఓబులమ్మ అక్కడే ఓ కాగితం రాసి అతని ముందు పెట్టింది. "ముందు మీరు దీనిమీద సంతకం పెట్టండి. చదవక్కర్లేదు."

వీరభోజుడు గబుక్కున లాక్కుని చదివాడు. 'నా ఇంటి తాళాలు ఓబులమ్మకిస్తున్నాను. బీరువా తెరిచి చూడొచ్చు, ఉన్నవి పారేయొచ్చు. ఏది పోయినా ఆమె పూచీ లేదు.'

"ఎంత అన్యాయం! తలుపు బిగించే వడ్రంగికి బీరువా తాళం ఎవడిస్తాడు?" అని అరిచాడు.

"ఆ ముక్కే మీ కాగితంమీద రాయండి అయ్యగారూ, ఇప్పుడే సంతకం పెడతా."

ఆమె వెనక వరుసలో తమ వంతు కోసం నిలబడ్డవాళ్లంతా తమ కాగితాలు తీసి చదవడం మొదలెట్టారు. వీరభోజుడు ముందు ఆమె కాగితంలో, తర్వాత ఒక్కొక్కరి కాగితంలో, ఆ మూడు వాక్యాలూ కొట్టేస్తూ కూచున్నాడు.