మూడు బుట్టల ముగ్గు

అనగనగా అంటే రాజుల కాలమనుకునేరు, అంత వెనక్కి పోనక్కర్లేదు. బడికి ఇంకా తాటాకు కప్పే ఉన్న రోజులు. ఒక గెడ్డ ఉండేది, చిన్న వాగు. గెడ్డకు ఇవతల ఊరు, అవతల పేట. ఊళ్లో ఏడో తరగతి దాకా మిడిలు స్కూలు. ఆ స్కూలు ఊడ్చే మనిషి సన్నెమ్మ.

సన్నెమ్మది గెడ్డవతల పేట. రోజూ పొద్దున్నే మోకాలి లోతు నీళ్లు దాటి వచ్చేది. వరండా ఊడ్చేది, కుండలు నింపేది, నల్లబల్లకు బొగ్గూ ఆకుపసరూ కలిపి పూసేది. ఏడాదికోసారి ఆటల పండగ వస్తే మైదానంలో ముగ్గు పోసేదీ ఆమే. ఒకదాని చుట్టూ ఒకటి, గుండ్రంగా నాలుగు గీతలు. ఒక్కో గీత వెంట ఒక్కో పిల్ల ఒక చుట్టు పరుగెత్తాలి. ఆ గీతలు తొక్కినవాళ్లు బోలెడుమంది. గీసిందెవరని అడిగినవాళ్లు లేరు.

ఆ పరుగు ఉత్త సరదాకు కాదు. ఏడో తరగతి ఆడపిల్లల్లో మొదట వచ్చిన పిల్లకు పట్నం పెద్దబడిలో సీటు, హాస్టల్లో కూడు. ఏటా ఒక్కరికే. ఊరి పిల్లకు ఆ సీటు రాకపోయినా తండ్రి బండి కట్టి చదివించుకుంటాడు. పేట పిల్లకు రాకపోతే జీడిపిక్కల కార్ఖానాయే గతి. జీడిపిక్క కొడితే రసం చేతికంటుతుంది, చర్మం నల్లబడి ఊడుతుంది. కొత్త చర్మం వస్తుంది, అదీ నల్లబడుతుంది.

బడిలో ఒక రూలుండేది. ముందొచ్చినవాళ్లకు లోపలి గీత, ఆఖరున వచ్చినవాళ్లకు బయటి గీత. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి! ఊరి పిల్లలు గడప దాటితే మైదానం. పేట పిల్లలు గెడ్డ దాటాలి, తడి పావడా పిండుకోవాలి. వచ్చేసరికి మిగిలేది బయటి గీత. ఏటా బయటి గీతే, ఏటా ఓటమే. గెడ్డవతలోళ్లకి కాళ్లల్లో సత్తువ లేదని ఊరంతా అనేది. అనగా అనగా పేట కూడా నమ్మింది. సన్నెమ్మ కూడా నమ్మింది.

ఆమెకు ఒక్కతే కూతురు, పారమ్మ. చిన్నప్పుడు మేకపిల్లలతో పందెం వేసి మేకపిల్లల్నే ఓడించేది. ఏడో తరగతిలో దానికీ బయటి గీతే వచ్చింది. పది అడుగుల తేడాతో ఓడిపోయింది. సన్నెమ్మ బుట్ట కింద పడేసి, అందరూ చూస్తుండగా కూతురి చెంప మీద కొట్టింది.

"ఏటే పారీ, కాళ్లల్లో సత్తువ నేదా? నీ బతుకు నువ్వే కాలదన్నుకున్నావు కదే!"

"నానెక్కడా ఆగనేదమ్మా. ఊపిరున్నంతసేపూ పరిగెట్టాను," అంది పారమ్మ.

ఆ మాట సన్నెమ్మ వినిపించుకోలేదు. మర్నాడే పారమ్మ జీడిపిక్కలకు పోయింది.

మరుసటి ఏడు ముగ్గుకు కరువొచ్చింది. ఆటల పండగ ముందురోజు హెడ్మాస్టరు ముగ్గు కొలిచి ఇచ్చాడు. "గీతకు మూడు బుట్టలు. చిటికెడు కూడా ఎక్కువ ఇవ్వను," అన్నాడు. సన్నెమ్మకు ఒక అలవాటుంది. పరుగు ముగిసే చోట మొదలుపెట్టి, పిల్లలు పరిగెత్తే దిక్కుకు ఎదురుగా వెనక్కి నడుచుకుంటూ పోసేది. లోపలి గీతకు మూడు బుట్టలూ సరిగ్గా సరిపోయాయి, గీత చుట్టూ తిరిగొచ్చి కలిసింది. రెండో గీత కలవకుండానే ముగ్గు అయిపోయింది. మూడోది ఇంకా దూరంలో ఆగిపోయింది. బయటి గీతకైతే అర బుట్ట తక్కువైంది.

హెడ్మాస్టరు కళ్లెర్రజేశాడు. "అర బుట్ట ముగ్గు ఇంటికి మోసుకుపోయావా?"

"ముగ్గెయ్యడానికి నా గుడిసెకి వాకిలెక్కడుంది బాబూ?" అంది సన్నెమ్మ.

ఆయన వెళ్లాక ఆమె గీతల వెంట నడిచింది. ఆమెకు ఇరవై దాకానే లెక్క వచ్చు. ఇరవై అడుగులకో ముడి చొప్పున కొంగుకు వేసుకుంటూ పోయింది. లోపలి గీతకు పన్నెండు ముళ్లు. బయటి గీత ఖాళీ మేర కూడా కలిపి చుట్టూ నడిస్తే పద్నాలుగు ముళ్లు. నమ్మలేక ముళ్లు విప్పి మళ్లీ నడిచింది. పన్నెండు, పద్నాలుగు. మూడోసారి నడిచింది. పన్నెండు, పద్నాలుగు.

రెండు ముళ్లంటే నలభై అడుగులు. పారమ్మ ఓడింది పది అడుగుల తేడాతో.

సన్నెమ్మ మైదానం మధ్యలో కూలబడింది. బిడ్డను కొట్టిన చేయి చూసుకుని ఏడ్చింది. తరవాత ముఖం తుడుచుకుని లేచింది.

ముందు డ్రిల్లు మాస్టారి దగ్గరకు పోయింది. "బాబూ, బయటి గీతకి ముగ్గెక్కువ పడతంది. ఆ పిల్ల ఎక్కువ పరిగెడతంది."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస. వంకరగా పోసి గీతనంటావేం?" అని నవ్వాడాయన.

తరవాత హెడ్మాస్టరు దగ్గరకు పోయింది. "బాబూ, బయటి గీతకి ముగ్గెక్కువ పడతంది. ఆ పిల్ల ఎక్కువ పరిగెడతంది."

ఆయన వెనక నల్లబల్ల మీద వృత్తం లెక్క ఉంది. పొద్దున ఏడో తరగతికి ఆయనే చెప్పిన లెక్క. వృత్తం పెద్దదైతే చుట్టుకొలతా పెద్దదవుతుందని ఆయన చేత్తోనే రాసి ఉంది. "చీపురు పట్టినవాళ్లు నాకు లెక్కలు చెప్పే రోజులొచ్చాయి," అని నవ్వాడాయన. ఆ బల్ల సాయంత్రం తుడిచింది సన్నెమ్మే.

ఆఖరికి ఊరి ప్రెసిడెంటు అరుగు ముందు నిలబడింది. "బాబూ, బయటి గీతకి ముగ్గెక్కువ పడతంది. ఆ పిల్ల ఎక్కువ పరిగెడతంది."

"అందరూ ఒక్క చోటే కదా నిలబడుతున్నారు? ఇంతకన్నా న్యాయం ఏముంటుందే?" అని ఆయనా నవ్వాడు. ఆ ఏడు ఆయన మేనకోడలు లోపలి గీత పిల్ల.

ముగ్గురికి చెప్పింది, ముగ్గురూ నవ్వారు. ఇక చెప్పడం మానేసింది. మర్నాడు తెల్లారకముందే మైదానానికి వచ్చింది. ఏ గీతకు ఎక్కడ ముగ్గు అయిపోయిందో అక్కడ అడ్డంగా, పిల్ల నిలబడడానికి ఒక మెట్టు గీసింది. ఎవరి మెట్టు మీద వాళ్లు నిలబడితే అందరికీ పన్నెండు ముళ్లే. అందరికీ మూడు బుట్టలే. హెడ్మాస్టరు కొలిచి ఇచ్చిన లెక్కే.

ఆ ఏడు బయటి గీత పేటలోని గున్నమ్మకు వచ్చింది. డ్రిల్లు మాస్టారు పట్నం పెద్దమనిషికి దండ వేసే హడావుడిలో ఉండి, పిల్లలు ఎక్కడ నిలబడ్డారో చూడకుండానే విజిలు ఊదాడు. గున్నమ్మ పరిగెత్తింది. అయిదడుగుల తేడాతో గెలిచింది. గెడ్డవతల పిల్ల గెలవడం ఆ బడి పుట్టాక అదే మొదటిసారి.

మైదానమంతా గోల లేచింది. మోసం, దగా, నలభై అడుగులు ముందు నిలబెట్టారని అరిచారు.

"ఎవరు గీశారిది?" అన్నాడు హెడ్మాస్టరు.

"నానే గీశాను బాబూ. నడిచి సూడండి. ఒక్కసారి నడిచి సూడండి," అంది సన్నెమ్మ.

నడిస్తే తెలిసేది. ఒక్కరూ నడవలేదు.

"నువ్వే గీశావు, నువ్వే తుడు," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

సన్నెమ్మ చీపురు తెచ్చింది. మొదటి మెట్టు తుడిచింది. రెండో మెట్టు తుడిచింది. మూడో మెట్టు మీద గున్నమ్మ మళ్లీ వచ్చి నిలబడి ఉంది, రొప్పుతోంది, దిగనంటోంది. సన్నెమ్మే దాని చేయి పట్టుకుని దింపింది. దింపి, అదీ తుడిచింది. ఖాళీల్లో ఎక్కణ్ణుంచో ముగ్గు తెప్పించి పోశారు. మళ్లీ పరుగు పెట్టారు. ప్రెసిడెంటు మేనకోడలు గెలిచింది. గీత సరిచేస్తే సత్తా తేలిందని ప్రెసిడెంటు ఉపన్యాసం ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సన్నెమ్మను రేపట్నుంచి రావద్దన్నారు. ఆ సాయంత్రం పారమ్మ కార్ఖానా నుంచి వచ్చాక తల్లి దాని చెంప నిమిరింది.

"నువ్వు ఓడనేదే పారీ. ఇరవై అడుగులు, ఆ మీద మరో పది, అంత ముందు గెలిచావు. నాకే కళ్లు నేకపోయాయి."

"ఇప్పుడు సెప్పి ఏటి లాభమమ్మా?" అంది పారమ్మ. అని, నల్లబడిన చేతులకు నూనె రాసుకుంటూ కూచుంది. మర్నాటి నుంచి గున్నమ్మ కూడా ఆమె పక్కనే కూచుని జీడిపిక్కలు కొట్టింది.

మూడో వానలకు సన్నెమ్మ పోయింది. గెడ్డ పొంగి ఉంది కాబట్టి బడి నుంచి ఎవరూ రాలేదు. పొంగకపోయినా వచ్చేవారు కాదు.

చాలా ఏళ్లు పోయాయి. ఎక్కణ్ణుంచో కొత్త డ్రిల్లు మాస్టారు వచ్చాడు. టేపు పట్టి కొలిచి, గీత గీతకూ ఒక మెట్టు గీశాడు. లోకమంతా ఇలాగే గీస్తారన్నాడు. ఎంత న్యాయం, ఎంత తెలివి అని ఊరు తలలాడించింది. ఆయన చేతిలో టేపు ఉంది మరి, చీపురు కాదు.

అప్పుడు గుంపులోంచి పారమ్మ వచ్చింది, జుట్టు నెరిసిన పారమ్మ. మూడు బుట్టల ముగ్గు తీసుకుంది. పరుగు ముగిసే చోటి నుంచి బయటి గీత మీదుగా వెనక్కి నడుస్తూ పోసింది. మూడో బుట్ట సరిగ్గా మాస్టారి మెట్టు దగ్గర ఖాళీ అయింది.

"ఎవరు నేర్పారమ్మా నీకు?" అన్నాడాయన ఆశ్చర్యంగా.

"మా యమ్మ. ఇక్కడ ముందు గీసింది మా యమ్మే, తుడిచిందీ మా యమ్మే," అంది పారమ్మ.

ఊళ్లో పెద్దలెవరూ తలెత్తలేదు.

ఆ మెట్టును ఇప్పటికీ సన్నెమ్మ మెట్టు అంటారు. ఇప్పటికీ ఆ బడిలో టేపు పక్కన పెట్టి, గీతకు మూడు బుట్టలు కొలిచి పోస్తారు. ముగ్గు అయిపోయిన చోట పిల్ల నిలబడుతుంది. ఎవరైనా పెద్దమనిషి అందరికీ ఒకటే న్యాయమని గొంతు పెంచితే, "ముగ్గెంత పట్టిందో సూశావా బాబూ?" అంటారు ఆ చుట్టుపక్కల.

గెడ్డవతల పేటలో ఇంకొకటుంది. ఆటల పండగనాడు బిడ్డ ఓడిపోతే అక్కడి తల్లి తిట్టదు, చేయెత్తదు. ముందు ఆ గీత వెంట తాను ఒక చుట్టు నడుస్తుంది, ఇరవై అడుగులకో ముడి కొంగుకు వేసుకుంటూ. అది పూర్తయ్యాకే బిడ్డ ముఖం చూస్తుంది. కథలన్నీ కంచికి పోతాయంటారు గాని, ఈ కథ మాత్రం ఇంకా ఆ చుట్టే నడుస్తోంది.